బట్టలో లేని పట్టా

మొన్న సూరత్‌లోని మా భేస్తాన్‌లో మావాళ్ళ పెళ్ళికి వెళ్ళాను. హాల్లో కట్టిన పెద్ద తెర మీద పెళ్ళికూతురి వీడియో నడుస్తూ నడుస్తూ అడ్డంగా చారలు పడి, ముఖం ముక్కలై, కాసేపటికి మళ్ళీ అతుక్కుంది. వీడియో తీసేవాణ్ణి నలుగురు ఆటపట్టించారు, అతను ఏదో తీగ ఊడబెరికి మళ్ళీ గుచ్చాడు, అంతటితో అందరూ భోజనాల వైపు మళ్ళారు. తెర మీద చార కనబడితే తప్పు తెరదేనని ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేను మాత్రం పళ్ళెం పట్టుకుని అక్కడే కొంతసేపు నిలబడిపోయాను. అలాంటి చారే ఒకటి, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా మేనమామ మీదికి వచ్చింది.

అవి ఫోన్లలో వీడియోలు తీసి పంపుకోవడం కొత్తగా అలవాటవుతున్న రోజులు. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. సూరత్‌లో బట్ట కొనే వ్యాపారులు అంతకుముందు మగ్గాల షెడ్లకు స్వయంగా వచ్చి బట్ట తాన్లు విప్పించి చూసేవారు. ఆ తరువాత వాళ్ళు రావడం మానేశారు. షెడ్డు యజమాని, అంటే సేఠ్, ఫోన్‌లో బట్టను వీడియో తీసి పంపితే, వ్యాపారి తన దుకాణంలో పెద్ద తెర మీద చూసి సరే అనేవాడు, సరుకు కదిలేది. అలాంటి దుకాణాలకు కంప్యూటర్లు అమర్చి, వాటి బాగోగులు చూసే చిన్న ఆఫీసులో నేను చేరాను. మాట తక్కువ కావడంతో నన్ను దుకాణాలకు పంపేవారు కాదు. లోపల కూర్చుని చేసే పని ఇచ్చేవారు. మధ్యాహ్నం డబ్బా తిన్నాక సొరుగులోని నవల తీసి నాలుగు పేజీలు చదువుకోవడానికి ఆ ఏర్పాటు నాకు చాలా అనుకూలంగా ఉండేది.

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, భేస్తాన్‌లో మా పక్క గల్లీలోనే ఉండేవాడు. పెళ్ళికి ముందు నుంచీ మరమగ్గాల మీదే బతికిన మనిషి. నేతలో పోగు ఒకచోట దట్టంగానో పలచగానో పడితే బట్టకు అడ్డంగా తేలే చారను షెడ్లలో పట్టా అంటారు. మామ నేసిన బట్టలో పట్టా వస్తోందని ఒక వ్యాపారి సరుకు ఎత్తడం ఆపేశాడు. నమూనా ముక్క పంపితే, మంచిది ఏరి పంపారన్నాడు. సేఠ్ తన ఫోన్‌లో అదే వీడియో చూపిస్తే, అంత చిన్న తెర మీద పట్టా ఎలా కనబడుతుందన్నాడు. సేఠ్‌కు వ్యాపారితో తగువు పడే ధైర్యం లేదు, మామతో అయితే ఉంది.

ఒక ఆదివారం మామ ఇంట్లో అన్నాలు తింటున్నప్పుడు ఈ సంగతి బయటపడింది. అత్త నా వైపు చూసి నవ్వి, మామతో అంది:

"నీ మేనకోడలేమో కాలేజీకి పోయి ఒక పట్టా తెచ్చింది. నువ్వు ఇన్నేండ్లు మగ్గం నడిపి ఇంకో పట్టా తెచ్చినవ్. రెండిటికీ పటం కట్టిపిచ్చి గోడకు వెడ్త."

"జర ఊకో," అన్నాడు మామ. "సగం మగ్గాలు పక్కోనికిచ్చిండు సేఠ్. ఇంకో సరుకు గిట్లనే వాపసొస్తే ఊరవతల జోల్వా షెడ్డుకు పొమ్మంటున్నడు, హెల్పర్ పనికి."

అత్త మళ్ళీ నవ్వలేదు. మామ అన్నం కలుపుతూ నాతో అన్నాడు: "తాన్లన్నీ ఇప్పి చూసిన బిడ్డా. ఏడా లేదు. ఆ తెర మీదనే ఉంటదట. మరి తెరదే తప్పందామంటే, మిగిలినోళ్ళ బట్ట దాని మీదనే సాఫ్‌గా కనవడ్తదట."

ఆ దుకాణం మా ఆఫీసు ఖాతాదారుల్లో ఒకటి. నాకంటే ముందు చేరిన గుజరాతీ ఆమె ఒకరు మా ఆఫీసులో ఉండేవారు, అక్క అన్నట్టు అందరం బెన్ అనేవాళ్ళం. ఆమె అక్కడికి మామూలు పని మీద వెళ్తుంటే నేనూ వస్తానని అడిగాను. నేను బయటికి వస్తాననడమే ఆమెకు వింతగా తోచింది కానీ, ఎందుకని అడగలేదు.

వ్యాపారి తెల్లటి పరుపు మీద కూర్చుని, అడగకముందే మాకు ఆ వీడియో చూపించాడు. "దేఖో బేటా, ఇదీ ఈ నేసే కారీగర్ల పని. ఫోన్‌లో చూడండి, సాఫ్‌గా ఉంది అంటారు. ఇక్కడ చూస్తే పట్టా." నిజంగానే చార ఉంది. లేత బట్టకు అడ్డంగా, నేతలో పడినట్టే ఉంది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన ఎవరు చూసినా ముందు మగ్గాన్నే తప్పుపడతారు. నేనూ మొదట అలాగే చూశాను. వీడియోలో ఎవరో బట్టను ముందుకు లాగారు. బట్ట జరిగింది, దాని మీది చిన్న పువ్వు జరిగింది, చార మాత్రం తెర మీద ఉన్నచోటే ఉండిపోయింది. ఆ బట్ట నేసినవాడు మా మామ అని గానీ, నేను చూసింది ఫలానా అని గానీ నేను అప్పుడు చెప్పలేదు. వీడియో మాత్రం అడిగి తెచ్చుకున్నాను.

దుకాణం కంప్యూటర్‌లో ఉన్నలాంటి గ్రాఫిక్స్ కార్డే ఉన్న పాత కంప్యూటర్ ఒకటి ఆఫీసులో ఉంటే, దాంట్లో వేసి చూశాను, చార లేదు. తెర మీద బొమ్మ గీసే కార్డుకూ మిగతా యంత్రానికీ మధ్య మాట అందించే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. దుకాణంలో ఉన్నది కొత్తది, మా దాంట్లో ఎప్పటిదో. కొత్తది ఎక్కించాను. చార వచ్చింది. మామ సేఠ్ ఈమధ్యే కొత్త ఫోన్ కొన్నాడని, అది వీడియోను కొత్త పద్ధతిలో కుదించి దాస్తుందని తరువాత తెలిసింది. కొత్త డ్రైవర్ ఆ పద్ధతి వీడియోలనే పాడు చేస్తోంది. మిగిలినవాళ్ళ ఫోన్లు పాతవి కనుక వాళ్ళ బట్ట సాఫ్‌గా ఉంది.

పాత డ్రైవరే వేసేద్దామంటే, కొనేవాళ్ళ వైపు పెట్టిన రెండో తెర దానితో పనిచేయదని బెన్ అన్నారు. పాతదానికీ కొత్తదానికీ మధ్య వచ్చిన డ్రైవర్లు చాలా ఉన్నాయి, వాటిలో మంచి చెడుగా మారింది ఎక్కడో పట్టుకోవలసి వచ్చింది. చదివిన వాక్యం ఏ పేజీలో ఉందో మరిచిపోతే నేను పుస్తకాన్ని మధ్యకు తెరిచి, కథ అక్కడిదాకా వచ్చిందో లేదో చూసి, ఆ సగమో ఈ సగమో వదిలేస్తాను. ఇక్కడా అదే చేశాను. మధ్యది ఎక్కించడం, యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టడం, వీడియో చూడడం. ఒకసారి వీడియోలో చార ఇంకా తేలని మొదటి క్షణాలే చూసి బాగుందనుకుని తప్పు సగంలో చాలాసేపు వెతికాను. చివరికి దొరికింది. వీడియోల నడక మెరుగుపరచామని తయారీదారు రాసుకున్న డ్రైవర్ అది. దానికి ముందుదానితో రెండు తెరలూ పనిచేశాయి, చారా లేదు.

దుకాణంలో దాన్ని ఎక్కించాక, చెప్పడం నీ వంతేనన్నట్టు బెన్ నన్ను ముందుకు తోశారు. వ్యాపారి వద్దన్న ఆ వీడియోనే మళ్ళీ వేశాను. బట్ట సాఫ్‌గా జరుగుతూ పోయింది. వచ్చేటప్పుడు ఆటోలో మనసులో కూర్చుకున్న హిందీ అంతా పోయి ఒక్క వాక్యం మిగిలింది: "పట్టా కప్‌డే మే నహీ, మషీన్ మే థా." పట్టా బట్టలో కాదు, ఈ కంప్యూటర్‌లో ఉండిందని.

వ్యాపారి వీడియోను ఇంకోసారి వేయించుకున్నాడు. మాకు చాయ్ చెప్పాడు. తరువాత సేఠ్‌కు ఫోన్ చేసి సరుకు పంపమన్నాడు. పెట్టేసే ముందు, "ఆ కారీగర్‌ను జర చూసి నేయమను," అన్నాడు. ఆ మాట అనకుండా ఉండడం ఆయనకు చేత కాలేదనుకుంటాను.

మగ్గాలు మామకు తిరిగి వచ్చాయి. "ఇగ ఇంట్ల ఒక్క పట్టానే మిగిలింది," అంది అత్త. అందరం నవ్వాం.

కొన్నాళ్ళకు అత్తకు బాగాలేక నేను మామకు డబ్బా పట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. ఆయన మగ్గం ఆపి, నడుం వంచి, బట్టను వెలుతురుకు ఏటవాలుగా చూస్తూ గోటితో అడ్డంగా గీస్తున్నాడు. ఏముందని అడిగాను.

"ఏం లేదు బిడ్డా. ఉన్నదేమోనని."

డ్రైవర్ సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "నువ్వు చెప్తే నమ్మిన," అన్నాడు. "చెయ్యే నమ్మతలేదు."

ఇప్పుడు ఆ ఆఫీసు లేదు, బెన్ వేరే ఊళ్ళో ఉన్నారు. యంత్రాలు రాత్రికి రాత్రే తమంతట తాము కొత్తవైపోతాయి, పాతదానికి మళ్ళించమంటే చాలాచోట్ల దారే ఉండదు. మామ ఇంకా ఆ షెడ్డులోనే ఉన్నాడు, ఇంకా మగ్గం ఆపి చూస్తాడు. ఒకప్పుడు పని దిగి వచ్చేటప్పుడు గల్లీ మొదట్లోనే ఆయన ఈల వినబడేది, అది విని అత్త చాయ్ పెట్టేది. ఇప్పుడు ఈల లేదు, అత్త తలుపు చప్పుడు అయ్యాకే స్టవ్ వెలిగిస్తోంది. ఆ పట్టా గొడవ తరువాత అది ఏ రోజు ఆగిందో అత్తకు గానీ నాకు గానీ తెలియదు.