కారవాన్ మీద డిష్, డిష్ పక్కన నేను

మొన్న ఆదివారం మేము శ్రీశైలం పోయొచ్చినమని మీకు ఎవరన్నా చెప్తే నమ్మకుండ్రి. చిక్కడపల్లిల బయల్దేరి అశోక్‌నగర్ల ఆగిపోయినం. నడుచుకుంట పోతే చేతిల చాయ్ చల్లారకముందే చేరే దూరం. గంత దూరం పోనీకే మాకు ఒక ఏసీ కారవాన్, ఒక డ్రైవరు, డబ్బా నిండ పులిహోర కావాల్సొచ్చినయి. శ్రీశైలం సంగతి పక్కకు పెట్టుండ్రి, అశోక్‌నగర్ల మాత్రం ఇప్పుడు నాకు మస్తు పేరున్నది. ఆ పేరు ఎట్లొచ్చిందో చెప్త, జర ఇనుండ్రి.

కారవాన్ అంటే బయటి దేశాలోళ్లు దాంట్ల సంసారం పెట్టుకొని ఊర్లు తిరుగుతరట. మన హైదరాబాద్‌ల దాంట్ల సినిమావాళ్లు కూసుంటరు, షాట్‌కు షాట్‌కు నడుమ చల్లగ పండుకోనీకి. నాతోటి నారాయణగూడల చదువుకున్న నర్సింగ్‌రావు గసోంటి బండినే షూటింగులకు కిరాయికిస్తడు. రెండు దినాలు పని లేదు, బండి ఖాళీగున్నది, డీజిల్ పోసుకొని తీస్కపోరా అన్నడు. సోఫా, మంచం, బాత్రూమ్, చుట్టూ లైట్లున్న అద్దం, గోడకు అటిటు తిప్పుకునే ఇంత పెద్ద టీవీ. ఆ అద్దంల చూస్కుంటే నేను గూడ హీరో లెక్కనే కనవడ్డ. లైట్లు అట్లున్నయి మరి.

లొల్లి ఏడ మొదలైందంటే, మా ఆవిడ సుగుణ ఒక టీవీ వంటల ప్రోగ్రామ్‌ల సర్వపిండి చేసింది. పుట్టి బుద్ధెరిగినంక టీవీల కనవడుడు గదే మొదటిసారి. అది ఆదివారం పదకొండు గంటలకు వస్తదని రెండ్రోజుల ముందు ఫోన్ చేసి చెప్పిన్రు. మేం బయల్దేరేది గూడ ఆదివారమే. సుగుణ మొఖం ఇంతగ చేస్కొని, పోతే ఇంకోసారి పోదాం లెండి అన్నది. నేనెందుకు ఊకుంట? బండిల టీవీ ఉన్నది, బండి పోతుంటెనే చూద్దాం, నీ ప్రోగ్రామ్ నీకు చూపియ్యకపోతే నన్ను పేరు పెట్టి పిలువొద్దు అన్న.

గప్పుడు పక్కనే మా మరదలు లత, ఆమె భర్త సుధాకర్ కూసున్నరు. వాళ్లు గూడ మాతోటి శ్రీశైలం వచ్చేటోళ్లే. సుధాకర్ అంటే నాకు సడ్డకుడు, బర్కత్‌పురల ఉంటడు. అన్నిట్లకీ నవ్వుతడు గాని ఏమనడు. గదే బాధ. "నడిచే బండిల టీవీ వస్తదా అన్నా?" అని అడిగి ఒక నవ్వు నవ్విండు. ఆ నవ్వు చూసినంక ఇగ ఎన్కకు పోయే సవాలే లేదు.

నర్సింగ్‌రావుకు ఫోన్ కొట్టి మీ టీవీల ఫలానా చానల్ వస్తదా అంటే, దాంట్ల చానళ్లే రావు, పెన్‌డ్రైవ్ పెట్టుకొని చూసుడే అన్నడు. అదేందిరా అంటే, కూసునేటోళ్లు వాళ్ల సినిమాలు వాళ్లే చూస్కుంటరు, వేరేటియి ఎవరడుగుతరు అన్నడు. ఫోన్ల చూడరాదా అని మీరనొచ్చు. నేను గూడ అన్న. ఆ చానల్ చిన్నది, ఫోన్ల ముక్కలు ముక్కలే పెడతరట. ఇంకోటి, సుగుణ తెల్లగ చెప్పింది, నేను చేసింది టీవీ కోసం, ఫోన్ కోసం గాదు అని.

ఇగ ఆదివారం పొద్దుగాలనే మా బిల్డింగ్ టెర్రస్ ఎక్కి, మా ఇంటి డిష్ ఇప్పుకొచ్చి, సెట్‌టాప్ బాక్స్ కారవాన్ టీవీకి తగిలిచ్చిన. కారవాన్ నెత్తి మీద పెట్టి, బట్టలారేసే తీగతోని కట్టి, అది చాలక సుగుణ పాత నూలు చీర చుట్టి ముడేసిన. డిష్ ఎటు చూడాలంటే ఆగ్నేయం దిక్కు. ఇంట్ల వంటగది గూడ ఆగ్నేయంలనే ఉండాలంటరు గద, వంటల ప్రోగ్రామ్ గక్కడ్నుంచే వచ్చుడు న్యాయమే అనుకున్న. గేటు ముంగట బండి నిలవడితే బొమ్మ అద్దం లెక్క వచ్చింది. సుధాకర్ వంక చూసిన. గప్పుడు ఆయన నవ్వలే. నా జిందగీల గంత ఆనందం తక్కువ చూసిన.

బండి కదిలింది. బొమ్మ పోయింది.

తర్వాత అర్థమైంది నాకు, డిష్ ఆకాశంల ఒక్క జాగనే చూస్తదట. బండి మలిగితే అది గూడ మలుగుతది. పైంగ చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాక నెత్తి మీద మెట్రో లైన్. ఆ స్లాబు కింద ఆకాశమే లేదు, సిగ్నల్ ఏడికెళ్లొస్తది? నారాయణగూడ చౌరస్తల ఒక్క సెకండు బొమ్మ మెరిసింది. ఆపు ఆపు అన్న. ఎన్కనున్న బస్సోడు హారన్ కొట్టుడు మొదలుపెట్టిండు. డ్రైవర్ చెన్నయ్యకు చెప్పిన, తమ్మీ, జర ఆగ్నేయం దిక్కే పోనియ్యరాదా అని. ఆయన స్టీరింగ్ ఇడవకుండనే, "నేను రోడ్డు మీద నడుపుతున్న సార్, దిక్కు మీద గాదు" అన్నడు. ఎన్క సోఫాల ఎవరో కిసుక్కుమన్నరు. ఎవరో చెప్పే పని లేదు.

పదకొండు దగ్గరవడ్డది. సుగుణ గడియారం దిక్కే చూస్తున్నది. తిడితే బాగుండు. బిల్డింగ్‌ల అందరికీ చెప్పుకున్నదాయె, వాళ్లంత ఇళ్లల్ల సుఖంగ చూస్తరు, చేసిన మనిషి మాత్రం మెట్రో పిల్లర్లు చూస్కుంట పోవాలె. శ్రీశైలం మల్లన్న ఏడికి పోడు, బండి తిప్పు అన్న. తిప్పి గల్లీలల్ల పడి అశోక్‌నగర్ చేరినం. ఆడ ఒక పాత ఇల్లు కూలగొట్టి జాగ సాఫ్ చేసిన్రు, అపార్ట్‌మెంట్ ఇంక లేవలే. ఆ దిక్కు ఆకాశం ఖుల్లగున్నది. బండి పెట్టిచ్చి, ఎన్క నిచ్చెనెక్కి పైకి పోయిన. డిష్ అటు తిప్పిన, ఇటు తిప్పిన. కిందికెళ్లి లత "వచ్చింది బావా... పోయింది బావా" అని రేడియో లెక్క చెప్తున్నది. చివరికి తెలిసిందేందంటే, నేను రెండు చేతులతోని పట్టుకొని కూసుంటెనే బొమ్మ నిలవడుతది. ఇడిస్తే పోతది. సరే, మొగుడన్నంక గంత చెయ్యాలె. డిష్‌ను పట్టుకొని కూసున్న.

అశోక్‌నగర్ల సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పోరగాళ్లు ఎంతమందుంటరో మీకెరుకే. చాయ్‌కని స్టడీ హాళ్లకెళ్లి బయటికొచ్చిన్రు. ఎదురుంగ కారవాన్. ఇగ చూడు, చీమలు వచ్చినట్టు వచ్చిన్రు. షూటింగా అంకుల్, లోపలెవరున్నరు అని అడిగిన్రు. నిజం చెప్తే ఒక్క మాటతోని అయిపోతుండె. కని గంతమంది తలకాయలెత్తి నన్ను చూసుడు నాకు గూడ కొత్తనే గద. "మేడమ్ ఉన్నరు లోపల. ఇప్పుడే మేడమ్ ప్రోగ్రామ్ మొదలైతది, చూసి పోండ్రి" అన్న. సుధాకర్ గూడ మంచోని లెక్క తలుపు బార్లా తెరిచి, టీవీని గల్లీ దిక్కు తిప్పి, సౌండ్ పెంచిండు. నేను గూడ వద్దనలే.

ప్రోగ్రామ్ మొదలైంది. నాకు బొమ్మ కనవడదు, మాట ఒక్కటే ఇనవడుతది. ఇంట్ల 'ఏంది' అనే మనిషి టీవీల 'ఏంటండీ' అనుకుంట మస్తు నాజూకుగ మాట్లాడ్తున్నది. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, వెల్లుల్లి, అన్నీ వరుసగ చెప్పింది. పోరగాళ్లు సప్పుడు చేస్తలేరు. నా ఛాతీ డిష్ కన్న ఎడల్పయింది.

గప్పుడు యాంకరమ్మ అడిగింది, మీ వారు వంటల సాయం చేస్తరా అని.

"మా వారాండీ?" అన్నది సుగుణ. గా తర్వాత నాజూకంత పోయింది. "ఒకసారి నేను పుట్టింటికి పోతే సర్వపిండి చేస్కుంటనని గిన్నె స్టవ్ మీద పెట్టి టీవీ ముంగట కూసున్నడు. పొగ చూసి పక్కింటోళ్లు తలుపు కొట్టేదాక లేవలే. ఆ గిన్నెల ఇప్పుడు మనీప్లాంట్ పెంచుతున్న. ఫ్యాన్ బాగుచేస్త అంటడు, బిల్డింగ్ మొత్తానికి కరెంట్ పోతది. నల్ల బాగుచేస్త అంటడు, కింది ఫ్లోరోళ్లు బకెట్లు పట్టుకొని వస్తరు. అందుకే నేను ఆయనకు ఒకటే చెప్త. మీరు ఏం ముట్టుకోకుండ్రి, కూసోండ్రి చాలు."

గల్లీ మొత్తం గొల్లుమన్నది. నవ్వుకుంటనే ఒక్కొక్కడు తలకాయ పైకెత్తిండు. ఆడ నేను, పాత చీర చుట్టిన డిష్‌ను చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకొని కూసున్న. ఒకడు ఆలస్యంగ వచ్చి, ఎవరి షూటింగ్‌రా అని అడిగితే పక్కోడు చెప్పిండు, హీరోయిన్ లోపలున్నది, కమెడియన్ పైనున్నడు అని.

నేను దేవున్ని గాదు గద. డిష్‌ను జర, ఏలెడంత, పక్కకన్న. కింద బొమ్మ పోయింది. పోరగాళ్లు ఒకటే లొల్లి, అంకుల్ పెట్టుండ్రి అంకుల్ అని. సుగుణ మెల్లగ బయటికొచ్చింది. నడుం మీద చెయ్యి పెట్టుకొని పైకి చూసింది.

"చెయ్యి జారిందా, జార్చిన్రా?"

"గాలి," అన్న.

ఆకు గూడ కదుల్తలేదు. ఆమె చుట్టూ చూసింది, మళ్ల నన్ను చూసింది. అట్లనే నిలవడ్డది. నేను డిష్‌ను సక్కగ చేసిన. గీజర్ కథ, గ్రైండర్ కథ, ఇంట్ల రంగులేసిన కథ, అన్నీ నా చేతులతోనే నేనే పట్టుకొని గల్లీకి చూపిచ్చిన, సాఫ్‌గ, ఒక్క గీత రాకుండ.

అయిపోయినంక పోరగాళ్లంత సుగుణతోని సెల్ఫీలు దిగిన్రు. సర్వపిండి గట్టిగ రాకుండ ఏం చెయ్యాలె అక్కా అని అడిగి రాసుకున్నరు. సుధాకర్ ఫొటోలు తీసిండు. మా ఆవిడ మొఖం చూస్తే, ఇన్నేండ్లల్ల నేను కొనిచ్చిన ఏ చీరకూ గట్ల ఎలగలే. నన్ను కిందికి దింపాలన్న సోయి ఎవ్వరికీ లేదు. శ్రీశైలం ముచ్చటే ఎవరెత్తలే, పులిహోర గక్కడ్నే పంచి ఇంటికొచ్చినం.

తెల్లారి పొద్దుగాల అశోక్‌నగర్ చాయ్ బండి కాడికి పోయిన. ఎన్నడు చూడని పోరడొకడు పక్కన నిలవడి చాయ్ తాగుతున్నడు. నేను చక్కెర డబ్బా దిక్కు చెయ్యి చాపిననో లేదో, చటుక్కున డబ్బా ఎత్తి పట్టుకొని, మస్తు మర్యాదగ అన్నడు:

"అంకుల్, మీరు ఏం ముట్టుకోకుండ్రి. కూసోండ్రి చాలు."