మగ్గాలు ఆగినంత మేర

నా ఉద్యోగంలో చివరి ఏడాది, ఏప్రిల్ నెల. తిరుపతిలో మా కళాశాల ఎం.ఏ. విద్యార్థుల గ్రామీణ సమాజశాస్త్రం ప్రాజెక్టు వైవాకు నన్ను ఇంటర్నల్ ఎగ్జామినర్‌గా వేశారు. వైవాకు ఇద్దరుంటారు: పాఠం చెప్పినవారు ఒకరు, బయటి కళాశాల నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఒకరు. మార్కుల షీటు మీద ఇద్దరి సంతకాలూ పడాలి. ఒకరు కాదంటే కారణం రాసి అసమ్మతి పత్రం జతచేయాలి. నా సర్వీసులో దాన్ని రాసిన మహానుభావుణ్ణి నేను చూడలేదు. అందరికీ సాయంత్రం బస్సు ఉంటుంది మరి.

మునిలక్ష్మి నగరి దగ్గర నేతపనివాళ్ళ అమ్మాయి. ఆ వైవాలో తప్పితే డిగ్రీ ఏడాది ఆగుతుంది, ఇంట్లో ఇంకో ఏడాది చదివించరు. ఆమె ప్రాజెక్టు ప్రశ్న ఒకటే: మా ఊరి హద్దు ఎక్కడ? వాళ్ళ వైపు ఎవరైనా చనిపోతే శవం లేచేదాకా పవర్‌లూమ్‌లు ఆపేస్తారు. ఆ ఏడాది చావు జరిగినప్పుడల్లా వీధివీధీ తిరిగి, ఎందాకా మగ్గాలు ఆగాయో చూసి పటం మీద గీత గీసింది. పంచాయతీ హద్దు ఒకచోట ఉంది, ఆ గీత మరోచోట ఉంది.

ఎక్స్‌టర్నల్ గారు పటం వైపు చూడనే లేదు. గ్రామ లక్షణాలు చెప్పమన్నారు. సేద్యం ముఖ్యవృత్తి, తక్కువ జనసాంద్రత, ఒకే తీరు జీవనం... అమ్మాయి గడగడా అప్పజెప్పింది. మరి సేద్యమే లేని మీ ఊరు గ్రామమెలా అవుతుంది, ప్రాజెక్టు పునాదే తప్పు కదా అన్నారాయన.

"సేద్యం లేకుంటే ఏం సార్? సావుకు సప్పుడు ఆగినంత మేరా మా ఊరే," అంది మునిలక్ష్మి.

ఆయన నవ్వి, గ్రామమంటే ఏమిటో ఇందులో ఉంది చూడండంటూ బ్యాగులోంచి బజారు గైడొకటి తీసి నా ముందు పెట్టారు. చూద్దును కదా, నా నోట్సే! ఏళ్ళ తరబడి నేను డిక్టేట్ చేసినవి జిరాక్సు షాపుల్లో చేతులు మారితే ఎవరో అచ్చేసుకున్నారు.

ఆ అమ్మాయీ గుర్తుపట్టింది. "మేడం, మొదట పల్లె వేరు, టౌను వేరు అని సెప్పినారు. ఎనకాల పాఠంలో గ్రామ-నగర సాంతత్యం అని, రెంటికీ నడుమ గీతే లేదని మీరే సెప్పినారు. రెండూ బట్టీ కొట్టినాము. ఏదాన్ని నమ్మల్ల?" అంది.

తల కొట్టేసినట్టయింది. సాంతత్యం అంటే పల్లె కొంచెం కొంచెంగా మారుతూ నగరం దాకా పోతుందని అర్థం. రెండూ పరీక్షలో వచ్చే ప్రశ్నలే కాబట్టి రెండూ చెప్పాను. వాటికి ఒకదానితో ఒకటి పడదని ఏ ఒక్క బ్యాచికీ చెప్పిన పాపాన పోలేదు.

ఎక్స్‌టర్నల్ ఫెయిలు మార్కు వేసి షీటు నావైపు జరిపారు. గొడవ విని మా శాఖాధిపతి వచ్చాడు. "నెల్లో రిటైరయ్యేవాళ్ళు, మీకెందుకమ్మా ఈ రచ్చ? గమ్మున సంతకం పెట్టేయండి," అన్నాడు.

ఒళ్ళు మండింది. "నేను గమ్మునున్నందుకే ఈ గైడు పుట్టింది. పెట్టను," అన్నాను.

అసమ్మతి పత్రం తెప్పించి రాశాను: గైడులో ఉన్నవి నా పాఠాలే, అవి తప్పుదారి పట్టించేవి, ఈ విద్యార్థిని ఊరిని చూసి రాసింది, నేను చూడకుండా చెప్పాను. ఎక్స్‌టర్నల్ చదివి, మీ తప్పు మీరే రాసుకుంటారా మేడం అని ఆశ్చర్యపోయారు. ఇంకొకరిచేత రాయించమంటారా అన్నాను.

నియమం ప్రకారం ఫైలు మూడో ఎగ్జామినర్‌కు పోయింది. ఆయన ముందు పటం తెప్పించుకుని చూసి పాస్ చేశారు. ఆ తర్వాత నన్ను ఏ వైవాకూ పిలవలేదు. పీడా పోయింది.

సిద్ధాంతాలు చదివే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. నిర్వచనానికి ఊరు సరిపోకపోతే ముందు నిర్వచనాన్ని అనుమానించండి. పాఠాలు చెప్పేవాళ్ళకు ఇంకొకటి: మన తప్పును మనం కాగితం మీద ఒప్పుకోకపోతే, దాన్ని పిల్లల మార్కుల్లోంచి కోస్తారు.