కింద మామ చదరంగం, పైన నా ఇంటర్నెట్

ఆ రోజుల్లో నాచారంలో ఒకడి తెలివిని కొలవాలంటే, వాడింట్లో కంప్యూటరుందా, దానికి నెట్ ఉందా అని చూసేవారు. ఆ శనివారం మధ్యాహ్నం రంగంలో ఉన్నవి: విడిభాగాలు కొని నేనే బిగించిన కంప్యూటరు; కింది వాటాలో ఇంటి ఓనరు మామ, ఆయన కంప్యూటరు; ఆయన నెట్ పెట్టె నుంచి కిటికీ గుండా మా పై వాటాకు లాగిన నీలం వైరు; మా అమ్మ; కొత్తగా డిప్లొమా పాసైన నేను. ఒక కంపెనీలో ట్రెయినీ ఉద్యోగానికి దరఖాస్తు గడువు ఆ సాయంత్రం ఐదింటికి ముగుస్తుంది. దరఖాస్తు నెట్‌లోనే పెట్టాలి. పక్క వీధి నెట్ సెంటరుకు పొమ్మని అమ్మ అంటే, "పది నిమిషాల పనే" అన్నాను.

నా పద్ధతి శాస్త్రీయం. మామ కంప్యూటరు చక్కగా పనిచేస్తోంది కాబట్టి, దాని సెట్టింగులన్నీ అంకె అంకె కాగితం మీదకు ఎక్కించి, మూడుసార్లు సరిచూసి, నా దాంట్లో అచ్చంగా అవే కొట్టాను. నెట్ వచ్చింది. తెర మూల చిన్న పసుపు పెట్టెలో కంప్యూటరు ఏదో మొరపెట్టుకుంటే మూసేశాను (యంత్రం మాట వినాలని మా సిలబస్‌లో లేదు). అంతలో కింద కేక. మామ నెట్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లతో చదరంగం ఆడేవాడు; మధ్యలో లైను పోతే ఓడినట్టే లెక్క.

"ఏం జేసినవ్ రా? వాని మంత్రిని కొట్టబోతుంటే నెట్ పాయె!"

"ఏం గాదు మామా, ఒకసారి బంద్ జేసి ఆన్ జేయుండ్రి!"

చేశాడు. ఆయనది వచ్చింది, నాది పోయింది. దరఖాస్తులో అప్పటికి తండ్రి పేరు దాకా వచ్చాను. నేనూ ఆపి మళ్లీ పెట్టాను. నాది వచ్చింది, కింద మళ్లీ కేక. ఇలా రెండు గంటలు. "పది నిమిషాలైనయా బిడ్డా?" అంది అమ్మ, బియ్యం ఏరుతూ.

చివరికి మామ ఫోన్ చేస్తే, నెట్ కనెక్షన్లు చూసే అన్న ఉప్పల్ నుంచి బండి మీద వచ్చాడు. రెండు తెరలూ చూశాడు.

"ఇద్దరికీ ఒక్కటే నంబర్ గొట్టినవేంది తమ్మీ? రెండిండ్లకు ఒక్కటే ఇంటి నంబరుంటే పోస్ట్‌మన్ ఎవలింటికి వోవాలె? ఏం జదివినవ్?"

"కంప్యూటర్స్."

ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నా దాంట్లో చివరి అంకె ఒక్కటి మార్చి వెళ్లిపోయాడు. ఐదుకు ఎనిమిది నిమిషాల ముందు దరఖాస్తు వెళ్లింది, ఉద్యోగమూ వచ్చింది. ఇప్పుడు ఆఫీసులో ఎవరైనా కొత్తవాడు "అంతా సేమ్ టు సేమ్ పెట్టిన సార్" అని ధీమాగా అంటే, కోప్పడబోయి ఆగిపోతాను. కాగితం చేతపట్టుకుని నిలబడ్డ ఆ పై వాటా మేధావి కళ్ల ముందు మెదులుతాడు, పాపం. మామకు మాత్రం ఇంతవరకు సారీ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం ఆయన ఖాతాలో పడ్డ ఓటములు తొమ్మిది. అందులో ఆడి ఓడింది ఒకటి.