ఎర్రమ్మ దాపరికం

ఎర్రమ్మకు ఒక్కటే జబ్బు: తినేదేదైనా సరే, కాస్త దాచందే చెయ్యి ఊరుకోదు.

మొగుడు పగిడయ్య గొడుగు విప్పితే వాన కంటే ముందు వేయించిన పల్లీలు కురిసేవి. పర్ణశాలలో బస్సు దిగుతూ విప్పితే కండక్టరు నెత్తినే పడ్డాయి. "ఏంది పెద్దయ్యా, అక్షింతలేస్తున్నవా?" అన్నాడతను.

పంచాయతీ మీటింగులో చెమట తుడుచుకుందామని తువ్వాలు దులిపితే బెల్లంముక్క, వెనకే చీమల బారు. "సభ్యులందరు వచ్చినట్టేనా?" అన్నాడు సర్పంచ్ జంపయ్య.

"ఇంట్ల కరువొచ్చిందానే?" అని పగిడయ్య ఇంటికొచ్చి అరిచేవాడు.

"ఊకోవయ్యా. ఎప్పుడన్న అక్కరకొస్తది," అనేది ఎర్రమ్మ. పైగా దాచేటప్పుడు గుట్టు కూడా లేదు. "సరళా, అటుకులు గాదె ఎనక పెడుతున్న. ఈ మనిషికి చెప్పకు!"

సరళకు ఎనిమిదేళ్లు. గోదావరి ఊళ్లు ముంచిన సంవత్సరం జ్వరాలకు తల్లీతండ్రీ పోతే, ఏడాదిపాటు చుట్టాల గడపలన్నీ తిరిగింది. నాలుగు నెలల కింద ఈ దంపతులు తెచ్చి పెంచుకుంటున్నారు.

ఒకనాడు పగిడయ్య చెల్లెలు శ్యామల ఇల్లందు నుంచి వచ్చింది. ఊడ్చుదామని ఆమె సరళ పడుకునే చాప ఎత్తితే కింద ఎండిన జొన్నరొట్టెలు, ఆకులో చుట్టిన పాచి అన్నం.

"అన్నా, దొంగపిల్లను తెచ్చుకున్నవ్! రేపే హాస్టల్ల దింపి రా."

పగిడయ్య తలుపు వైపు చూశాడు. ఆయన ఔననకముందే సరళ తన బట్టల సంచి పట్టుకుని నిలబడి ఉంది. అలవాటైన పని.

"అయితే నన్ను గూడ దింపి రమ్మను శ్యామలా," అంది ఎర్రమ్మ. "ఈ ఇంట్ల దాసేది అదొక్కతే గాదు."

పగిడయ్యకు అప్పుడు తట్టింది. పాతికేళ్ల కాపురంలో ఎర్రమ్మ గింజ దాచిన మనిషి కాదు, వాకిట్లోకి వచ్చినవాళ్లకు వండింది పెట్టేసే మనిషి. ఈ పిచ్చి నాలుగు నెలలది. ఆకలికి భయపడి దాచుకునే పిల్ల ఇంట్లో ఒంటరిది కాకూడదని! రామా, ఇన్నాళ్లూ తాను తిట్టింది దీన్నా?

"ఇద్దరు గాదు చెల్లె, ముగ్గురం," అన్నాడు. "అటక మీది మురుకులు నావి."

అటక మీద మురుకులు లేవు. ఆ అబద్ధాన్ని రాములవారు మన్నించే ఉంటారు.

సరళ సంచి కింద పెట్టింది. చాప దగ్గరికి వెళ్లి ఒక రొట్టె విరిచి సగం ఆయన చేతిలో పెట్టింది.

"మెల్లగ నములు. గట్టిగున్నది."

నమిలితే పన్ను కదిలింది. కళ్లలో నీళ్లు వచ్చాయి, పన్ను వల్లనే అనుకోనిచ్చాడు.

"ఇంకో ముక్క ఉన్నదా బిడ్డా?"

సరళ చాపను మళ్లీ పరిచి దాని మీద కూర్చుంది.

"ఉన్నది గని, యాడున్నదో చెప్ప."