రాజేశం అన్న వేసిన గట్, నేను వేసిన ముడి

నిన్న పొద్దున వాట్సాప్ స్టేటస్‌లో రాజేశం అన్న ఫోటో కనిపిస్తే, బర్త్‌డే ఏమో అనుకున్నాను.

స్క్రోల్ చేసి ముందుకు కూడా పోయాను.

ఏదో అనుమానం వచ్చి వెనక్కి వచ్చి చూస్తే, ఫోటోకి దండ ఉంది.

షూ లేసులు సగం కట్టుకుని, స్క్వాష్ కోర్టు బయట బెంచీ మీద అలాగే కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. ఒంట్లో ఉన్న కాస్త ఓపిక కూడా పోయింది, అంతే. ఈమధ్య ఫోన్ తీస్తే ఇవే వార్తలు. ఎన్నని తట్టుకుంటాం?

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. రాజేశం అన్న కామారెడ్డిలో రాకెట్లకు గట్టింగ్ చేసేవాడు, అంటే తీగలు అల్లి బిగించేవాడు. ఊరు ఎల్లారెడ్డి. రోజూ బస్సులో వచ్చిపోయేవాడు. చిన్నప్పుడు ఇంట్లో నులక మంచాలు అల్లిన చెయ్యి. ఆ చేత్తోనే రాకెట్లకు గట్ అల్లడం పట్టుకున్నాడు.

నేను ఆడే స్క్వాష్‌ని అన్న జన్మలో చూడలేదు. గోడకేసి బంతి కొడతామని చెప్పినందుకు నన్ను చాలా ఏడిపించాడు.

"గోడతోటి కొట్లాడుతవా చెల్లె? అది ఎన్నడన్న ఓడిపోతదా?"

మూడేళ్ళ కింద నా మోచేయి దెబ్బతింది. టీ గ్లాసు ఎత్తినా నొప్పే. డాక్టర్ ఆట మానేయమన్నాడు.

ఆఫీసు, ఇల్లు, మళ్ళీ ఆఫీసు. మధ్యలో నాకంటూ ఉన్నవి ఆ నలభై నిమిషాలే. అవి కూడా పోయాయి అనుకుని, రాకెట్ ఎవరికైనా ఇచ్చేయమని అన్న దగ్గరికి తీసుకెళ్ళాను.

అన్న గట్ మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. మొహం చిట్లించాడు.

"గిదేంది చెల్లె, గింత దగ్గర దగ్గర ఉన్నది? నులక గిట్ల అల్లితే మంచం పలకయితది. పన్నోనికి నడుము పట్టుకుంటది. నీ చెయ్యేం పాపం చేసింది?"

లెక్కపెట్టి చూపించాడు. నిలువు పదహారు, అడ్డం పంతొమ్మిది. గళ్ళు చిన్నవి. బంతి చెప్పినట్టు వింటుంది కానీ గట్ లోపలికి దిగదు, దెబ్బంతా చేతికి వస్తుంది. గళ్ళు పెద్దవైతే గట్ కాస్త లోపలికి పోయి, బంతిని అదే విసిరేస్తుంది. చేతికి పని తక్కువ. ఇన్నేళ్ళు ఆడాను, ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు.

ఇక అన్న చేసిన ఘనకార్యం వినండి.

మెత్తగా ఉండాలని, నా రాకెట్‌ని అచ్చం మంచం అల్లినట్టు అల్లాడు. రెండు పైన, రెండు కింద. రాకెట్‌కైతే ఒకటి పైన, ఒకటి కింద పోవాలి.

మొదటి షాట్‌కే గట్ అంతా పక్కకు జరిగింది. బంతి పక్క గోడకు తగిలి నా చెవి పక్కనుంచి దూసుకుపోయింది. పాయింట్ పాయింట్‌కీ వేళ్ళతో గట్ సరిచేసుకోవడమే సరిపోయింది.

వెళ్ళి తిడితే పకపకా నవ్వాడు.

"మంచమైతే జరుగకపోవు చెల్లె! మీద మనిషి పంటడు గద!"

అంటూనే కత్తెర తీసి, తను వేసిందంతా తనే కోసి పారేశాడు. తర్వాత రంధ్రాలు తక్కువున్న ఫ్రేమ్ ఎక్కడినుంచో తెప్పించాడు. నిలువు పద్నాలుగు, అడ్డం పద్దెనిమిది. కొంచెం లూజుగా వేశాడు.

ఇప్పటికీ ఆ రాకెట్‌తోనే ఆడుతున్నాను. మోచేయి మళ్ళీ పేచీ పెట్టలేదు.

గట్టింగ్‌లో చివరి ముడి నాకు నేర్పాలని చాలా చూశాడు. నేను వేసిన ప్రతిసారీ జారిపోయేది.

"నీ ముడి గూడ నీ లెక్కనే ఉన్నది. పొద్దుమూకేసరికి అలిసిపోతది" అనేవాడు.

రెండు వారాల కింద ఎల్లారెడ్డి వెళ్ళి చూసి వచ్చాను. అన్నకు క్యాన్సర్. అప్పటికే వెన్నుదాకా పోయింది. తను అల్లుకున్న నులక మంచంలోనే పడుకుని ఉన్నాడు. మంచం మధ్యలో కుంగిపోయి గుంత అయింది. ఆ గుంతలో అన్న.

ఊరందరి రాకెట్లూ బిగించిన మనిషి.

బీడీలు చుట్టి చుట్టి వదిన వేళ్ళు వంకరపోయాయి, మంచం తాడు లాగి బిగించే శక్తి లేదు. వేరేవాళ్ళు లాగితే తెంపుతారని అన్న ఎవరినీ ముట్టనివ్వలేదట.

"నువ్వు గుంజు చెల్లె" అన్నాడు నాతో.

నేనూ వదినా అన్నను లేపి కుర్చీలో కూర్చోబెట్టాం. కాళ్ళ వైపు తాడు విప్పి ఒక్కో వరసా లాగుతూ వచ్చాను.

"ఇగ చాలు. మరీ బిగ్గ గుంజకు. నా నడుము గూడ నీ మోచెయ్యి అసొంటిదే."

చివరి ముడి వేశాను. అన్న వంగి, మంచాన్ని అరచేత్తో నొక్కి చూశాడు. రాకెట్‌ని నొక్కినట్టే. బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. పడుకుని కళ్ళు మూసుకున్నాడు.

ఈ రెండు వారాలూ నాకు అదే దిగులు. ముడి జారిందేమో, అన్న మళ్ళీ గుంతలో పడ్డాడేమో అని.

ఫోన్ చేసి అడగలేదు. జారిందంటే మళ్ళీ వెళ్ళాలి. నాకు ఓపిక లేదు. సిగ్గు విడిచి చెప్తున్నాను.

నిన్న వెళ్ళాను. అన్నను కింద పడుకోబెట్టారు. మంచం బయట గోడకు నిలబెట్టి ఉంది. దాని వంక చూసే ధైర్యం లేక పక్కనుంచి లోపలికి పోయాను.

వదిన నన్ను పట్టుకుని ఏడ్చింది.

"నువ్వు పోయినంక మంచం ఒక్కనాడు గూడ కుంగలేదు సునీతా. ఆకరికి కొంచెం నిద్ర పట్టింది. వచ్చినోళ్ళందరికి చెప్పిండు మీ అన్న, మా చెల్లె ముడి నిలవడ్డదీ అని."

అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

వచ్చేటప్పుడు బయట ఆగి, మంచం మీద అరచెయ్యి పెట్టి నొక్కాను. గట్టిగానే ఉంది. ముడి అలాగే ఉంది.

ఆ మాట నాకే చెప్పి ఉండొచ్చు కదా, అన్నా.

సరే, పోయి రా. ఇక నీ నడుముకు నొప్పి లేదు.
నిమ్మలంగ పండుకో.