నాగులమ్మ చేసిన దుర్యోధనుడు

ఏర్పేడుకు పడమట ఉన్న ఆ పల్లెలో ఎండాకాలం పద్దెనిమిది రోజులు భారతం ఆడతారు. ఆఖరి రోజు భీముడు గదతో కొట్టడానికి ధర్మరాజుల గుడి ముందు దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉండాలి, తాటిమానంత మట్టిబొమ్మగా. మన్ను ఊరి వంకలోదే కావాలి, అది కట్టుబాటు. చేసేవాడు కుమ్మరి ఏకాంబరం. తొక్కేది అతనూ, పెళ్ళాం నాగులమ్మా.

కాలు జారకుండా ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని తొక్కేవాళ్ళు. పదిమంది ముందు మొగుడి భుజం మీద చెయ్యేసే భాగ్యం ఆ ఊళ్ళో ఇంకే ఆడదానికీ లేదు. వంకమన్ను వెన్నముద్దలా వేళ్ళ సందుల్లోంచి పొంగేది.

ఏకాంబరం పోయాక ధర్మకర్త బాలసుబ్రమణ్యం నీళ్ళు నమిలాడు.

"ఆడదాని చేత్తో చేస్తే జనం ఏమంటారో వదినా..."

"దుర్యోధనుణ్ణి కనింది ఆడదే గదప్పా. చేసేదానికి మాత్రం పనికిరాదా?"

ధర్మకర్త పని ఆమెకే అప్పజెప్పాడు. ఆ ఏడు ఒంటరిగా మన్ను తొక్కుతుంటే నాగులమ్మకు భుజం మీద మొగుడి చేతి బరువు తెలిసింది. ఆ బరువు కోసమే ఏడాదంతా కాచుకుని ఉండేది. ఏకాంబరం ఫొటో ఒక్కటీ లేదు. ఉన్నదల్లా ఆ మన్నే.

తొంభై ఎనిమిదిలో వంక ఎగువన పాత ఇంజనాయిలు కాచే కంపెనీ వచ్చింది. లారీలు కక్కిన నల్లనూనె తెచ్చి, కాచి, మళ్ళీ అమ్ముకునేవాళ్ళు. మిగిలిన మడ్డి గొట్టంలోంచి వంకలోకి వదిలేవాళ్ళు. రెండేళ్ళకు వంకలో కప్ప అరవడం మానేసింది. బావినీళ్ళ మీద నెమలి రంగులు తేలాయి. నాగులమ్మ తొక్కడానికి దిగితే కాళ్ళు భగ్గున మండాయి. భుజం మీదికి ఎవరూ రాలేదు.

ఊరు అర్జీలు పెట్టుకుంది. వచ్చిన దొరలు సీసాలో నీళ్ళు పట్టుకుపోయారు, మళ్ళీ రాలేదు. కంపెనీ యజమానిని అందరూ మొదలాళి అనేవాళ్ళు. ఆ మొదలాళే ఆ ఏడు తిరునాళ్ళకు పందిరి వేయించాడు.

"చంద్రగిరి పక్క నుంచి మంచి మన్ను తోలిస్తానన్నాడు వదినా. లారీ గూడా ఆయన్దే," అన్నాడు ధర్మకర్త.

"మన్ను ఆయన తోలిస్తే, పడుకునేదానికి గూడా ఆయన్నే రమ్మను!"

కాళ్ళకు గోతాలు చుట్టుకుని ఆ మడ్డిమన్నే తొక్కింది. గడ్డి కలిపి, పగుళ్ళు పూడ్చి, ఎట్లాగో బొమ్మకు రూపు తెచ్చింది. బొమ్మ తొడలో ఒక కుండ పూడ్చి కుంకుమ నీళ్ళు పోస్తారు. భీముడు కొడితే అదే నెత్తురు. ద్రౌపది ఆ నెత్తురు తలకు పూసుకుని, విరబోసిన జుట్టు ముడేసుకోవాలి. అంతదాకా ఊరి ఆడవాళ్ళు ఒక్కపొద్దుంటారు. ఆ కుండలో నాగులమ్మ ఎవరికీ చెప్పకుండా వంకనీళ్ళు పోసింది.

గద పడింది. కుండ పగిలి, నల్లగా, చిక్కగా, కంపు కొడుతూ పొంగింది. ద్రౌపది వేషం కట్టిన మునిశేఖర్ వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు.

"ఏందమ్మా ఇది?"

"నెత్తురే నాయనా. పూసుకో."

"నేను పూసుకోనమ్మో! సవరం అద్దెది!"

జనం గొల్లున నవ్వారు. నాగులమ్మ నవ్వలేదు.

"అద్దె సవరానికే పనికిరాదంటుండావే, మన బిడ్డలు తాగే బావిలో ఊరేది ఈ వంకనీళ్ళే గదరా!"

నవ్వు ఆగిపోయింది. మునిశేఖర్ ఆమెను చూశాడు, పందిరి కింద కుర్చీలో కూర్చున్న మొదలాళిని చూశాడు. తర్వాత పాటలో లేని మాట అన్నాడు.

"ఆ గొట్టం మూసేదాకా ఈ జుట్టు ముడెయ్యను!"

పడిపోయిన దుర్యోధనుడి మన్ను పిడికెడు తీసుకుపోయి గాదెలో వేసుకోవడం వాడుక. ఆ రోజు ఎవరూ ఇంటికి పోలేదు. విరబోసిన జుట్టుతో ద్రౌపది ముందు, ఎండు డొక్కలతో ఆడవాళ్ళు వెనక, పిడికెడేసి మన్నుతో కంపెనీకి నడిచారు. తెచ్చిన మన్నంతా గొట్టం నోట్లో కూరారు. వంక గట్టు మీదే కుంకుమ తెప్పించి మునిశేఖర్ జుట్టు ముడేసుకున్నాడు. కలెక్టరాఫీసుకు అప్పుడు చెవులు మొలిచాయి. వారం తిరక్కుండా కంపెనీకి సీలు పడింది.

ఊరు గెలిచింది. నాగులమ్మకు మాత్రం మన్ను రాలేదు. ఒక వాన వెళ్ళింది, ఇంకో వాన వెళ్ళింది. పైమన్ను తేటపడింది, జానెడు తవ్వితే అదే కంపు. చివరికి ధర్మకర్త వేరే చోటి మన్ను తోలించాడు. ఆమె కోడలు కోమలికి పని చెప్పి చేయించింది, తాను చెయ్యి పెట్టలేదు.

ఆఖరి రోజు కోమలి పిలిచింది. "రా అత్తా, దుర్యోధనుడు పడే యాళయింది."

"వాడెవుడో నాకు తెలీదు. వాడి సావుకు నేనొచ్చి ఏడవాల్నా? నువ్వు పో."

గుడి దగ్గర మద్దెల మోగుతుండగా నాగులమ్మ వంకలో మోకాళ్ళ మీద కూర్చుని తవ్వింది. మోచేయి మునిగేంత లోతున వేళ్ళకు మెత్తగా, చల్లగా తగిలింది. ముద్ద చేసి పైకి తీసింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకోవడానికి మాత్రం చాలాసేపు ధైర్యం చాలలేదు.