క్లారీ నిమిషం

మెరిలిన్ ట్రెగెంజా ఇరవై రెండేళ్లుగా అడిలైడ్‌లో చెవిటివాళ్ల కోసం టీవీ తెర అడుగున అక్షరాలు ఎక్కిస్తోంది. మాటలే కాదు, తలుపు చప్పుడు, కుక్క అరుపు కూడా రాయాలన్నది మా ఆఫీసు నియమం. పక్క సీటు నాది. ఆమె పొగిడితే పొంగదు. తప్పు పడితే మాత్రం రెండ్రోజులు మాట్లాడదు.

ఒక ఏప్రిల్‌లో, యుద్ధాల్లో పోయినవాళ్ల కోసం తెల్లవారుజామున జరిగే సభను టీవీలో నేరుగా చూపిస్తుండగా, అందరూ ఒక నిమిషం మౌనం పాటించారు. ఏ చప్పుడూ లేదు కదా అని మెరిలిన్ ఏమీ ఎక్కించలేదు.

మధ్యాహ్నం మెరిలిన్ ఇంటికి పొరుగింటి క్లారీ వచ్చి గుమ్మంలోనే సైగలతో కడిగేశాడు. ఆయన పుట్టుచెవిటి, ఎనభై దాటినవాడు.

"నిద్రపోయావా తల్లీ? పాడైందేమోనని టీవీని నాలుగు బాదాను!"

"మౌనం పాటించారయ్యా క్లారీ. రాయడానికేముంది?" అని ఆమె కూడా సైగలతోనే అంది.

"అదే రాయి. మీరంతా నాలాగా ఉండేది ఏడాదికి ఒక్క నిమిషం. అదీ నాకు చెప్పవా?"

మరుసటి ఏడాది ఆమె 'అందరూ మౌనంగా ఉన్నారు' అని ఎక్కించింది. అర నిమిషం గడిచాక ఎక్కడో మ్యాగ్‌పై పిట్ట కూసింది. ఆమె వేళ్లు కదల్లేదు.

"పిట్ట కూసింది, రాయవేం?" అన్నాను తర్వాత.

"విన్నాను. ఆ నిమిషం క్లారీది," అంది.